కత్తెర పడిన చోటు

పోయినవారం మనం దివ్యని రాజోలు కల్యాణమండపంలో సగం చదివిన పేజీ దగ్గర నిలబెట్టి వచ్చేశాం. ఆ పిల్లని అలా వదిలేసి పోవడం న్యాయం కాదని మీలో కొందరు నన్ను తిట్టుకుని ఉంటారు. తిట్టుకోవలసిందే. ముందు ఆ ముచ్చట ముగించేస్తాను.

గల్ఫ్ వెళ్ళిన కోనసీమ ఆడవాళ్ళ మీద విశాఖపట్నం ప్రొఫెసర్ ధర్మరాజు గారు చేయించిన పరిశోధన పూర్తయింది. తేలిన సంగతులు చిన్న పుస్తకంగా అచ్చువేయించి, ఎవరి నోట విన్నారో మళ్ళీ వాళ్ళకే చదివి వినిపించి, "మేం అర్థం చేసుకున్నది సరేనా అమ్మా?" అని అడగడం ఆయన పద్ధతి. అందుకే ఆ సభ. పేర్లూ ఊళ్ళూ మార్చేశారు కాబట్టి ఏ మాట ఎవరిదో ఎవరికీ తెలియదని ధీమాగా ఉన్నారు. ఆయన దగ్గర పనిచేసే సత్యప్రియ, కొత్తపేట అమ్మాయి, చాపల మీద కూచున్న వాళ్ళలోంచి దివ్యని లేపి పుస్తకం చేతికిచ్చింది. దివ్య తల్లి సుందరి కువైట్‌లో ఉంది, ఆవిడ తరఫున కూతురు వచ్చింది. ఇంటర్ చదువుతోంది, గొంతు ఖంగుమంటుంది. చదవమంటే చదివింది.

"లక్ష్మి అనే ఆమె ఇలా చెప్పింది: పాస్‌పోర్టు ఇచ్చేరండి. టిక్కెట్టు కూడా తీస్తామన్నారు. మా ఆయన పోయేడని తెలిసి కూడా నేనే రాలేదండి. చెట్టు మీదొట్టు."

చెట్టు మీద ఒట్టేసే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే. సుందరి మొగుడు రాజబాబు కొబ్బరి చెట్లెక్కి దింపులు తీసేవాడు. తిండి పెట్టేది చెట్టే కాబట్టి, ఆవిడ దేవుళ్ళ జోలికి పోకుండా అయినదానికీ కానిదానికీ చెట్టు మీదే ఒట్టేసేది. వీధంతా దాన్ని పట్టుకుని ఆవిడని ఏడిపించేవారు. చివరికి రాజబాబు ఆ చెట్టు మీంచే పడి చనిపోయాడు. అయినా ఆవిడ ఒట్టు మార్చుకోలేదు. ధర్మరాజు గారి పుస్తకంలో సుందరి పేరు మారింది, ఊరు మారింది. నోటి మాట మాత్రం అక్షరం మార్చకూడదన్నది పరిశోధన నియమం, అందుచేత ఒట్టు అలాగే అచ్చయిపోయింది.

చాపల మీద గుసగుసలు లేచాయి. దివ్య పుస్తకం మూసి కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. అది బుధవారం. ఆ తర్వాత సత్యప్రియకి ముద్ద దిగలేదు.

అసలు సంగతేమిటంటే, పుస్తకం చేతికిస్తున్నప్పుడు ఆ మాట సుందరిదన్న జ్ఞాపకమే సత్యప్రియకి లేదు. సుందరి సెలవు మీద ఊరొచ్చినప్పుడు ఇంటికి వెళ్ళి, అరుగు మీద ఎదురుగా కూచుని, టేపురికార్డరు పెట్టి, ఆవిడ చెప్పినదంతా విన్నది తనే. కూతురికి మంచినీళ్ళు తెమ్మని సుందరి కేకేస్తే దివ్య తెచ్చిచ్చిన నీళ్ళు తాగింది తనే. మర్చిపోవడానికి ఆ అమ్మాయేమీ మతిమరుపు మనిషి కాదు. మర్చిపోయేలా చేసింది ఆ పని.

పని ఇదీ. టేపుల్లో ఉన్న మాటలన్నీ పొల్లుపోకుండా కాగితం మీదకి ఎక్కించాలి. నవ్వితే నవ్విందని, ఆగితే ఆగిందని రాయాలి. తర్వాత ఆ కాగితాల్ని కత్తెరతో సంగతి సంగతిగా కత్తిరించి, చీటీలు చేసి, నేల మీద పరుచుకుని కూచోవాలి. "ముందే కుప్పలకి పేర్లు పెట్టెయ్యకండి. చదవండి. మళ్ళీ చదవండి. ఏ మాట పక్కన ఏ మాట కూచుంటుందో అది చెబుతుంది," అనేవారు ధర్మరాజు గారు. అలాగే చేసింది. మొదట్లో ప్రతి చీటీ వెనకా ఒక మొహం కనబడేది, గొంతు వినబడేది. ఇటు తీసి అటు, అటు తీసి ఇటు పెట్టగా పెట్టగా మొహాలు చెరిగిపోయి కుప్పలు మిగిలాయి. సుందరి మాట కాస్తా లక్ష్మి మాట అయింది, లక్ష్మి మాట కాస్తా ఇమడని చీటీ అయింది.

ఇమడని చీటీ అంటే ఏమిటో కూడా చెప్పాలి. 'రావాలన్నా రానివ్వలేదు' అని ఒక కుప్ప ఉండేది. అయినవాళ్ళు పోయినా, పిల్లలు జబ్బుపడినా యజమానులు పాస్‌పోర్టు దాచేసి కదలనివ్వలేదని ఆడవాళ్ళందరూ చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. ఒక్క సుందరి చీటీ మాత్రం ఎదురు తిరిగింది. పాస్‌పోర్టు ఇచ్చేరండి, నేనే రాలేదు. కుప్పలో ఇమడని చీటీని పారేయకూడదని, మన తీర్పు ఎక్కడ తొందరపడిందో చెప్పేది అదేనని ధర్మరాజు గారు నూరిపోసేవారు. సత్యప్రియ ఆ చీటీ పట్టుకెళ్ళి చూపిస్తే ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"శభాషమ్మాయ్! పుస్తకం మొత్తానికి ఇదొక్కటి చాలు," అన్నారు. అని, చీటీ మళ్ళీ ఒకసారి చూసి, "ఇది వాడుకోడానికి ఆవిడ ఒప్పుకున్నారా?" అని అడిగారు.

"ఆయ్ అండి," అంది సత్యప్రియ.

మెచ్చుకోలు వేడి మీద నోరు జారిన 'ఆయ్' అది. పుస్తకం అట్ట మీద ఆయన పేరు కింద తన పేరు కూడా వేస్తారని ఆ రోజే అన్నారు. ఇంట్లో అమ్మకి చెబితే వీధిలో నలుగురికీ చెప్పుకుంది. ఆ మాట చెప్పిన మనిషి నిజంగా ఒప్పుకుందా, ఒకసారి టేపు తిరిగి వింటే పోలా, అని ఆ అమ్మాయికి ఒక్క క్షణం అనిపించకపోలేదు. అనిపించింది. రేపు విందాంలే అనుకుంది.

ఆ రేపు గురువారం మధ్యాహ్నం వచ్చింది, దివ్య చెప్పులు వదిలేసి వెళ్ళిపోయిన మర్నాడు. కొత్తపేటలో కరెంటు పోయి ఉంది. టేపురికార్డరులో సెల్స్ వేసుకుని, గది తలుపు దగ్గరగా వేసుకుని కూచుంది సత్యప్రియ. అవతల్నించి వాళ్ళమ్మ, "అన్నం చల్లారిపోతోందే," అని కేకేస్తూనే ఉంది.

టేపులో సుందరి గొంతు. "…నేనే రాలేదండి. చెట్టు మీదొట్టు." చీటీ అక్కడితో అయిపోయింది. టేపు అవలేదు. చాలాసేపు ఏమీ లేదు. ఎక్కడో కోడి అరిచింది. తర్వాత సుందరి గొంతు తగ్గించుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"మా అత్తగారు రావద్దన్నారండి. ఫోన్లో. 'పోయినవాడు ఎలాగూ పోయేడు, నువ్వొచ్చి చేసేదేవుంది? వస్తే మళ్ళీ వెళ్ళగలవా? పిల్లకి ఏం పెట్టి చదివిస్తావు? రాకు' అన్నారండి. వాళ్ళు పాస్‌పోర్టు ఇవ్వలేదని ఊళ్ళో తనే చెప్పుకుంటానన్నారు. ఆవిడ కడుపు మండలేదంటారా? కన్నకొడుకండి. పిల్ల కోసం అలాగన్నారు. ఇది రాయకండమ్మా. దివ్యకి వాళ్ళ మామ్మంటే ప్రాణం. నేను దూరంగా ఉన్నదాన్ని, నన్నేమనుకున్నా ఫర్వాలేదు. ఆవిడ మీద మనసు విరిగిందంటే పిల్లకి ఇంక ఎవరున్నారు?"

"రాయనండి," అంటోంది టేపులో సత్యప్రియ గొంతు.

"ఒట్టెయ్యండి."

"ఒట్టండి."

సత్యప్రియ టేపు ఆపేసింది. అప్పుడు గుర్తొచ్చింది, అంతా గుర్తొచ్చింది. 'మా అత్తగారు' అన్న మాటకి సరిగ్గా పైన కత్తెర పెట్టి కత్తిరించింది. కింద ముక్కని ఎవరి కంటా పడకుండా విడిగా కవరులో పెట్టింది. మాట నిలబెట్టుకున్నానని ఆ వేళ తృప్తిపడింది కూడా. రాయొద్దన్నది రాయలేదు, నిజమే. రాసిన సగమే ఆ మనిషిని మొగుడు పోయినా రాని ఆడదాన్ని చేసి పెట్టింది. అత్తగారిని కాపాడటానికి సుందరి ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని కూచుంటే, తను ఆ నోట్లోంచి సగం మాట లాగి అచ్చువేసింది.

క్యాసెట్టు తిరగేస్తే రెండోవైపు ఇంకో సంగతి ఉంది. అది కూడా రాయొద్దనే చెప్పింది సుందరి. దానికి సత్యప్రియ చీటీ కూడా కత్తిరించలేదు, ఎవరికీ చెప్పలేదు. దాని జోలికి మనమూ ఈ వారం పోవద్దు.

సాయంత్రం బజారులోకెళ్ళి విశాఖపట్నానికి ఫోను చేసింది. ధర్మరాజు గారు "హలో" అన్నారు. "హలో, ఎవరండీ?" అన్నారు మళ్ళీ. ఫోను పెట్టేసింది. ముందు దివ్య మొహం చూడాలి, తర్వాత ఎవరి మొహమైనా, అని తనకి తాను నచ్చచెప్పుకుంది. భయపడి పెట్టేసిందని మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు.

శుక్రవారం పొద్దున్న బస్సెక్కింది. అంబాజీపేటలో దిగి రాజోలు బస్సు పట్టుకుంది. ఒళ్ళో సంచీ, సంచీలో టేపురికార్డరు, అందులో ఆ క్యాసెట్టు. ఎందుకు తీసుకెళుతోందో తనకే స్పష్టంగా తెలియదు. వినిపిస్తే తల్లి మీద పడ్డ నింద పోతుంది. వినిపిస్తే మామ్మ పని అయిపోతుంది. గన్నవరం అక్విడక్టు దాటేదాకా వినిపించాలనీ, దాటాక వినిపించకూడదనీ అనుకుంది. రాజోల్లో దిగేసరికి ఏమీ అనుకోవడం మానేసింది.

ఏటిగట్టు కింద కువైట్ డబ్బుతో వేసిన రెండు గదుల డాబా. అరుగు మీద కనకరత్నం, సుందరి అత్తగారు, కొబ్బరాకులు ముందేసుకుని చీపుళ్ళకి ఈనెలు చీరుతోంది. కోడలు డబ్బు పంపినా మనవరాలు మొత్తుకున్నా ఆవిడ ఆ పని మానదు.

"రండమ్మా, రండి! ఎండన పడొచ్చేరు. కూచోండి, మజ్జిగిస్తాను."

"వద్దండి మామ్మగారూ. దివ్య ఉందా అండి?"

"ఉందమ్మా. రెండ్రోజుల్నించి మాటా పలుకూ లేదు. కాలేజీకీ వెళ్ళలేదు. ఏవైందే అంటే నా మొహం వంక చూసి ఊరుకుంటాది. ఆ మీటింగులో దాన్ని ఎవరేవన్నారమ్మా? మీరున్నారు కదా, మీరు చెప్పండి."

వీధి వీధంతా తెలిసిపోయిన సంగతి ఈ ఒక్క మనిషి దగ్గరే ఎవరూ అనలేదన్నమాట. ఈలోగా దివ్య గడపలోకి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎప్పుడూ "అక్కా" అని పిలిచే పిల్ల, "కూచోండి మేడమ్," అంది.

కనకరత్నం మజ్జిగకని లోపలికి వెళ్ళింది. ఆవిడ వెళ్ళేదాకా ఆగి దివ్య గొంతు తగ్గించింది.

"మామ్మకి తెలీదు. తెలిస్తే తట్టుకోలేదు. నెమ్మదిగా చెప్పండి. అది మా అమ్మ మాటేనా, కాదా?"

కాదని అనెయ్యవచ్చు. చెట్టు మీద ఒట్టేసే ఆడవాళ్ళు అమలాపురంలోనూ ఉంటారని చెబితే ఈ పిల్ల నమ్మినా నమ్ముతుంది. నమ్మాలనే చూస్తోంది. 'కాదు' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"అవునమ్మా," అంది సత్యప్రియ.

దివ్య అరుగు మీద కూలబడిపోయింది. ఏడవలేదు. ఈనె ఒకటి తీసుకుని చిన్న చిన్న ముక్కలు చేస్తూ మాట్లాడింది.

"నాన్నని ఆ వేళ పొద్దుగూకేదాకా తియ్యనివ్వలేదు మేడమ్ నేను. అమ్మొస్తోందని రోడ్డు మీదకెళ్ళి కూచున్నాను. వచ్చిన బస్సు వచ్చినట్టు చూసేను. మామ్మే వచ్చి, వాళ్ళు పాస్‌పోర్టు దాచేసేరమ్మా, మీ అమ్మని కదలనివ్వట్లేదు, అని నన్ను ఎత్తుకుని తీసుకొచ్చింది. అప్పట్నించీ దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా ఆ కువైటోళ్ళు నాశనమైపోవాలని మొక్కుకుంటున్నాను. వాళ్ళింట్లో నా ఈడు పిల్లలున్నారంట. వాళ్ళూ పోవాలని మొక్కుకున్నాను. తెలుసా అండి మీకు? మా అమ్మేమో రమ్మన్నా రాకుండా వాళ్ళకి అన్నాలు కలిపి పెట్టుకుంటూ కూచుంది."

"దివ్యా…"

"నాన్న కోసం రాకపోతే పోనీండి. నా కోసం?"

గట్టు మీద నుంచి కేక వినబడింది. సాలమోను. గట్టు మీద ఆయనకి ఎస్‌.టి.డి. బూతుంది. సెల్‌ఫోన్లు ఇంకా ఊళ్ళోకి రాని రోజులు, ఆ వీధికి వచ్చే గల్ఫ్ ఫోన్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. శుక్రవారం సుందరికి సెలవు.

"దివ్యమ్మా! అమ్మ ఫోనూ! కాసేపాగి మళ్ళీ చేస్తానంది, వచ్చెయ్యి తల్లీ!"

"ఆయ్, వస్తున్నానండీ!" అని గట్టిగా బదులిచ్చి, దివ్య సత్యప్రియ వైపు తిరిగింది. "వచ్చే నెల వచ్చేస్తుందంట. ఇంక వెళ్ళదంట. గది గోడకి రంగు కూడా వేయించేం. ఇవాళ ఫోన్లో ఒకటే మాట చెప్తాను మేడమ్. రావద్దని."

గడపలో కనకరత్నం నిలబడి ఉంది. మజ్జిగ గ్లాసు చేతిలో ఉంది. ఎంతసేపటినుంచి అక్కడ ఉందో తెలియదు. చివరి మాట మాత్రం విన్నది.

సత్యప్రియ సంచీలోంచి టేపురికార్డరు తీసి అరుగు మీద పెట్టింది.

"పుస్తకంలో వేసింది సగమేనమ్మా. ఆ తర్వాత మీ అమ్మగారు ఇంకో మాట చెప్పేరు. దాన్ని నేనే కత్తిరించి పక్కన పెట్టేను. రాయొద్దన్నారు. అసలు ఆ వేసిన సగానికైనా ఆవిడ ఒప్పుకోలేదు. మా సార్ అడిగితే ఒప్పుకున్నారని అబద్ధమాడింది నేను. నా పేరు అట్ట మీద చూసుకోవాలని."

"ఆ మాట ఇందులో ఉందా?"

"ఉంది."

"పెట్టండి."

వేలు బటను మీదకి వెళ్ళింది. నొక్కితే చాలు. సుందరి కడిగిన ముత్యంలా బయటపడుతుంది. తన తప్పూ సగానికి సగం తీరుతుంది. ఆ సుఖం కోసమే ఇంత దూరం ఈ పెట్టె మోసుకొచ్చానా అనిపించి సత్యప్రియకి తన మీద తనకే రోత పుట్టింది. మొదటిసారి మెప్పు కోసం ఆవిడ మాట వాడుకుంది. ఇప్పుడు మనశ్శాంతి కోసం వాడుకోబోతోంది. రెంటికీ సుందరిని అడిగింది లేదు.

"పెట్టలేనమ్మా," అంది. "ఇది నా సొత్తు కాదు. ఫోన్లో మీ అమ్మగార్నే అడుగు."

"ఎవర్ని కాపాడుతున్నారు? మిమ్మల్ని మీరేనా?"

సత్యప్రియ టేపురికార్డరు వంకే చూస్తూ కూచుంది. గడపవైపు కళ్ళెత్తితే అంతా తెలిసిపోతుందని ఆ అమ్మాయి భయం. పిచ్చిపిల్ల. కనకరత్నానికి తెలియడానికి అదే చాలింది. పరాయివాళ్ళయినా సరే, గుమ్మంలో మజ్జిగ పట్టుకుని నిలబడ్డ ముసలావిడ వైపు ఒక్కసారైనా చూడకుండా ఎవరుంటారు? తన కోడలు ఎవరి కోసం నోరు మూసుకుని ఉంటుందో ఆవిడ వేరే ఎవర్నీ అడగనక్కర్లేదు.

గ్లాసు తెచ్చి సత్యప్రియ పక్కన పెట్టింది. ఒళ్ళోంచి ఈనెల పొట్టు దులుపుకుంది.

"పదండి," అంది. "ఫోనొచ్చేస్తాది."

బూతు ముందు బల్ల మీద కూచున్న సాలమోను వీళ్ళని చూసి లేచాడు. కడుపులో మాట దాచుకోలేని మనిషి, దివ్య అడక్కుండానే బయటపెట్టేశాడు. "ఆ పుస్తకం గొడవ మీ అమ్మతో అనేశానమ్మా ఇందాకా. నోరాగింది కాదు. ఇంకేం మాట్లాడకుండా పెట్టేసింది పాపం." దివ్య ఏదో అనబోయింది. ఫోను మోగింది.

అద్దాల గదిలోకి అందరికంటే ముందు వెళ్ళింది కనకరత్నం. ఫోను చేతిలోకి తీసుకుని తలకిందులుగా పెట్టుకుంటే సాలమోను సరిచేశాడు.

"సుందరీ, నేనే. అన్నం తిన్నావా?" అంది. అవతలి జవాబు విన్నది. "సరే. విను. రాజబాబు పోయిన్నాడు నిన్ను రావద్దన్నది నేనేనని పిల్లకి చెప్తున్నాను. ఇదుగో, పక్కనే నిలబడి వింటాంది. పాస్‌పోర్టు మాట కూడా నేను పుట్టించిందే. ఎన్నాళ్ళు మోస్తావే నా పాపం నువ్వు? పిల్ల నిన్ను రావద్దంటానంటోంది. ఆ మాట ఒకసారి అన్నాను, చాలు. ఇంకోసారి మనింట్లోంచి నీకు రాకూడదు."

దివ్య మామ్మ మొహంలోకి చూసింది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. కనకరత్నం ఆ చూపు కేసి తిరగకుండా ఫోను పిల్ల చేతిలో పెట్టి, బయటికొచ్చి, సాలమోను బల్ల మీద ఒక చివర కూచుంది.

రావద్దని చెప్పడానికి వచ్చిన పిల్ల ఫోను చెవికి పెట్టుకుంది. తర్వాత, "అమ్మా," అంది. అని, వెక్కివెక్కి ఏడ్చింది. "నాకు చెప్పొచ్చు కదమ్మా… నాకొక్కదానికైనా చెప్పొచ్చు కదా… లేదు, లేదు, నేనేవీ అనుకోలేదు… ఎప్పుడొస్తావమ్మా? ఏ రోజు?"

అద్దం ఇవతల నిలబడి చూస్తున్న సత్యప్రియ గుండె బరువు కొంచెం దిగింది. అంతలోనే దివ్య ఫోను దించి, గది బయటికి చెయ్యి చాచింది.

"మీకిమ్మంటోంది."

సత్యప్రియ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. అద్దంలోంచి బల్ల కనబడుతోంది. కనకరత్నం ఆ చివర, దివ్య వచ్చి ఈ చివర కూచుంది. ఇన్నేళ్ళూ మామ్మ ఒళ్ళో తల పెట్టుకుని పెరిగిన పిల్ల. మధ్యలో ఇద్దరు కూచునేంత చోటు ఖాళీగా ఉంది. సుందరి రాయొద్దన్నది దీని కోసమే.

"బాగున్నారామ్మా?" అంది సుందరి.

తిట్టినా బాగుండేది. "తప్పు చేశానండి," అంది సత్యప్రియ. "మీకెలా చెప్పాలో…"

"రాయొద్దన్నాను కదమ్మా. రాస్తే రాసేరు. పిల్ల చేత చదివించేరంట కదా."

సత్యప్రియ ఏడ్చేసింది. అవతల సముద్రాల మీంచి గరగరమని చప్పుడు.

"ఏడవకండి. నాకు ఎక్కువసేపు లేదు," అంది సుందరి. "ఎప్పుడొస్తావంటోంది అది. దానికేం చెప్పను? టేపు తిరగేసేక మీతో ఒకటి చెప్పేను, గుర్తుందా? వచ్చే నెలే కాదమ్మా, ఆ తర్వాతా నేను రాలేను. ఎందుకు రాలేనో అక్కడ తెలిసినవాళ్ళు మీరొక్కరే. మొన్నటిదాకా వస్తాను వస్తాను అని దాన్ని మభ్యపెట్టేను. ఇందాక 'ఏ రోజు' అని అడిగేసరికి నాకింక నోరు రాలేదు."

"సుందరిగారూ, అది మీరే చెప్పాలండి. నేను…"

"నన్నడక్కుండా ఒకటి రాసేరు కదా. ఇది నేనే అడుగుతున్నాను. చెప్పండి. మా అత్తగారి ముందరే చెప్పండి, ఇంక మా ఇంట్లో దాపరికాలొద్దు. చెట్టు మీదొట్టు, మిమ్మల్ని ఇంకేవీ అడగను."

ఫోను కట్టయిపోయింది.

సత్యప్రియ చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని నిలబడింది. ఎంతసేపైనా అలా నిలబడి ఉండిపోవచ్చుననిపించింది. బల్ల మీంచి దివ్య లేచి వచ్చి అద్దం తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ మొహంలో రెండు రోజుల తర్వాత మొదటిసారి చిన్న వెలుగు కనబడింది.

"అమ్మ ఎప్పుడొస్తానంది అక్కా?" అంది.